మగ్గం చెవి

మా వీధిలో నలభై దాటిన ఆడవాళ్ళతో మాట్లాడాలంటే కుడి పక్కకు రావాలి. ఎడమ పక్క నిలబడి ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పుకున్నట్టే. పెళ్ళిళ్ళలో ఎవరు ఎవరికి ఏ పక్క కూర్చోవాలనే దాని మీద మాకు పెద్ద పంచాయితీ నడుస్తుంది. నేను నీ కుడి పక్కన కూర్చుంటే నా మాట నీకు వినిపిస్తుంది గానీ, నీ మాట నాకు వినిపించదు. అందుకే మీ వీధిలో మాట్లాడేవాళ్ళు ఎక్కువ, వినేవాళ్ళు తక్కువ అని మా కోడలు స్వర్ణ నవ్వుతుంది.

దీనికి మేం పెట్టుకున్న పేరు మగ్గం చెవి. మగ్గం మోత వినీ వినీ చెవి మొద్దుబారిపోతుందని మా నమ్మకం. డాక్టరమ్మ ఇంకేదో పేరు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు. మాది సోమందేపల్లె దగ్గర నేతగాళ్ళ వీధి. నా పేరు రత్నమ్మ. పోయిన మాఘం నుంచి ఈ శ్రావణం దాకా ఆ చెవితో నేను పడిన పాట్లు ఇవి. ఇప్పుడు కుదుటపడ్డాను. కుదుటపడ్డాక కూడా ఒక్కోసారి ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. రాసుకుంటే బరువు దిగుతుందని స్వర్ణే నోటుబుక్కు తెచ్చిచ్చింది. ఎడమ చెవిలో దూది పెట్టుకుని తిరిగే ఆడవాళ్ళు ఎవరైనా దీన్ని చదివితే సంతోషం. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకుని కుడి చెవితో వినండి.

ముందు మా పని సంగతి కాస్త చెప్పాలి. పట్టుచీరకు ఒళ్ళు ఒక రంగు, అంచు ఒక రంగు ఉంటే మగ్గం మీద ఇద్దరు కావాలి. నేసే మనిషి గుంతలో కాళ్ళు పెట్టుకుని నడిమధ్య కూర్చుంటాడు. ఆయన కుడి పక్కన ఒక చిన్న పీట, దాని మీద పెళ్ళాం. పేక దారం మోసుకుని అటూ ఇటూ తిరిగే చెక్కను నాడె అంటాం. ఒళ్ళు నాడె ఆయన చేతిలో, అంచు నాడె ఈమె చేతిలో. ఆయన ఒకటి వేస్తే ఈమె ఒకటి వేయాలి. ఈమె ఒక్కసారి ఏమారితే అంచు వంకరపోతుంది, నేసినదాన్ని విప్పుకోవాలి. ఆ పీట మీద మొదట మా అత్త కూర్చుంది. ఆమె తర్వాత ఇరవై ఏడేళ్ళు నేను కూర్చున్నాను. మా ఆయన ఓబులేసు, ఆయన పక్కన నేను, మధ్యలో జానెడు చోటు. అన్నేళ్ళు అంత దగ్గరగా కూర్చున్న మొగుడూ పెళ్ళాలు ఇంకెక్కడైనా ఉంటారా అని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం ఉత్తదని ఇప్పుడు కూడా అనలేను.

మాఘంలో ఒక పొద్దున అంచు నాడె వేయబోతే మగ్గం మొత్తం లేచి నా మీదికి వచ్చింది. గోడలు, దూలాలు, దేవుడి పటాలు అన్నీ ఒకే పక్కకు జారిపోతున్నాయి. పట్టుకుందామని చెయ్యి చాపితే అక్కడ ఏమీ లేదు. పడిపోయేదాన్నే. ఆయన నాడె వదిలేసి నన్ను రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు.

"ఏమ్మే, ఏమాయె?"

"ఇల్లు తిరుగుతాండాది మామా."

ఆయన మా అమ్మ తమ్ముడే. అందుకే ఇన్నేళ్ళయినా మామా అనే పిలుస్తాను.

"ఇల్లు యాడికీ పోలేదు, ఈడనే ఉండాది. నన్ను పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాను. నన్ను ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టి, నేను కక్కుకుంటే చేటలో బూడిద పోసుకొచ్చి ఎత్తిపోశాడు. ఆ తర్వాత నెల రోజులు ఆయన నాకు చేసిన సేవ నా కన్నతల్లి కూడా చేసి ఉండదు. గంజి తాగించాడు, కాళ్ళు పిసికాడు. జడ కూడా వేశాడు. ఇంత సన్నటి జరీ పోగులు వేళ్ళతో విడదీసే మనిషికి జడ వేయడం రాదు. మూడు పాయలు మూడు దిక్కులకు పోయేవి. అద్దంలో చూసుకుని నేను నవ్వితే తల తిరిగేది, తల తిరిగితే ఏడుపు వచ్చేది.

తల తిరగడం ఎట్లా ఉంటుందో అనుభవించని వాళ్ళకు చెప్పడం కష్టం. కళ్ళు మూసుకుంటే బావిలోకి పడిపోతున్నట్టు ఉంటుంది. తెరిస్తే బావే మన చుట్టూ తిరుగుతుంది. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోలేను. చెవిలో నుంచి కారేది దిండుకు అంటుకుని వాసన వస్తుంటే నా మీద నాకే రోత పుట్టేది. చెవిలో రాత్రింబగళ్ళు కుక్కరు విజిలు మాదిరి ఒకటే కూత. ఇది మెదడుకు ఎక్కుతుందేమో, ఇంక లేవనేమో అని భయం వేసేది. మా ఊరి డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. పక్కింటి వాళ్ళు వెల్లుల్లి కాచిన నూనె పోశారు. చౌడమ్మ గుడిలో ముడుపు కట్టాం. వచ్చిన ప్రతి ఆడమనిషీ తన చెవి తడుముకుంటూ, "మగ్గం చెవి ముదిరింది రత్నమ్మా," అని చెప్పిపోయింది.

ఆ నెల నేను మనిషిగా ఉన్నానంటే స్వర్ణ వల్లే. పెళ్ళై మా ఇంటికి వచ్చి ఏడాది. డిగ్రీ చదివింది, నోరు గట్టిది. నా ఎడమ పక్కన నిలబడి, "ఈ అత్తకు ఎంత చేసినా విశ్వాసం లేదు," అని తిట్టి, కుడి పక్కకు వచ్చి, "ఏం చెప్పినా అత్తా? వినపడిందా?" అని అడిగేది. వినపడకపోయినా పెదాలు చూసి నాకు తెలిసిపోయేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఉగాది దగ్గర పడింది. పెద్ద మగ్గం మీద పెళ్ళి చీర సగంలో ఆగి ఉంది. మా ఆయన ఒకరోజు అన్నం తింటూ తేల్చేశాడు.

"చంద్ర పెద్ద మగ్గం మీద కూచుంటాడు. పక్కన స్వర్ణ కూచుంటాది. నేను దీన్ని ఆస్పత్రికి తిప్పుకుంటా."

చంద్ర మా కొడుకు. అప్పటిదాకా అంచు లేని చీరలు చిన్న మగ్గం మీద ఒక్కడే నేసుకునేవాడు. ఆ మాట వినగానే నా చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. దూది సర్దుకోవడానికే అనుకున్నాను. స్వర్ణ మాత్రం హుషారుగా లేచి, "నేర్పు అత్తా," అని పీట మీద కూర్చుంది. మంచం మీద నుంచే నేర్పాను. నాడె ఎట్లా పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో చెప్పాను.

"తల కొంచెం కుడికి వంచి కూచో," అన్నాను.

"అట్లా ఎందుకత్తా? మెడ నొప్పి లేస్తాది."

"అట్లా కూచుంటే అంచు బాగా కనపడ్తాది."

మా అత్త నాకు అదే చెప్పింది, నేను దానికి చెప్పాను. నిజంగానే అంచు కోసమనే అనుకుంటూ చెప్పాను. నా మీద నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే.

ఉగాది దాటాక పుట్టపర్తిలో చెవుల డాక్టరు దగ్గరకు తిరగడం మొదలైంది. బస్సు పెనుకొండ దాటేదాకా నేను ఆయన భుజం పట్టుకుని కళ్ళు మూసుకునేదాన్ని. ఆస్పత్రిలో పొడుగు వరండా, ఇనుప బెంచీలు, నర్సమ్మ పేర్లు పిలవడం. చెవుల ఆస్పత్రిలో పేర్లు పిలవడం అంత పిచ్చి పని ఇంకొకటి లేదు. ఆమె పిలిచిన మనిషి తప్ప మిగతా అందరూ తలలు ఎత్తేవాళ్ళు. "నిన్నే తల్లీ, నిన్నే," అని పక్కవాళ్ళు పొడిస్తే గానీ ఎవరూ లేచేవాళ్ళు కాదు. అక్కడ కూర్చుని ఎన్ని గంటలు ఎదురుచూశానో గానీ, ఒకరినొకరు పొడుచుకోవడంలోనే అందరం చుట్టాలమైపోయాం.

మూడోసారి వెళ్ళినప్పుడు నా పక్కన ఒకామె కూర్చుంది. పేరు మరియమ్మ. సొంతూరు విడపనకల్లు వైపు. పుట్టపర్తిలో ఒక లాడ్జీలో గదులు ఊడ్చే పని. ఆమె కూడా ఎడమ చెవిలో దూది పెట్టుకుని ఉంది. టీ తెస్తానని మా ఆయన లేచి పోగానే ఆమె తన కుడి చెవి నా వైపు, నేను నా కుడి చెవి ఆమె వైపు తిప్పుకుని కూర్చున్నాం. చూసేవాళ్ళకు పోట్లాడుకుంటున్నట్టు ఉండి ఉంటుంది.

"నీదీ ఎడమ చెవేనా అక్కా?"

"ఊ. మగ్గం చెవి."

"అంటే ఏంది?"

చెప్పాను. మగ్గం మోత, మా వీధి, మా అత్త, అందరి ఎడమ చెవులూ. ఆమె శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపింది.

"మా ఇంట్లో మగ్గం లేదక్కా. నేను వేరుశనగ పీకేదాన్ని. చెట్టు పీకితే మోత ఏమొస్తాది?"

"మరి నీకెట్లా పోయిందే?"

ఆమె వరండా అటూ ఇటూ చూసి, కుడి చెయ్యి ఎత్తి, గాల్లో ఎవరి చెంపనో కొట్టినట్టు ఊపింది.

"మా ఆయనది కుడి చేతివాటం. ఎదురుగా నిలబడితే ఎడమ చెవే దొరుకుతాది," అంది. "పాస్టరమ్మతో చెప్పుకుంటే, ప్రార్థన చేసుకో, ఓర్చుకో, మెత్తబడతాడు అనె. పదైదేండ్లు ప్రార్థన చేసినా. చెవి మెత్తబడె గానీ ఆయన మెత్తబడలే."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక ఆమె అమాయకంగానే అడిగింది.

"మోత అయితే రెండు చెవులూ పోవాల గదక్కా? నేసే మగోళ్ళకీ పోవాల. మీ ఆయనకు వినపడ్తాదా?"

నేను జవాబు చెప్పేలోపల మా ఆయన వరండా చివర కనిపించాడు. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. తొణక్కుండా మెల్లగా నడుస్తున్నాడు. అంతలో ఆయన అక్కడి నుంచే, "ఆ, వస్తాండాం మేడం," అని కేకేశాడు. నర్సమ్మ నా ఎడమ పక్కనే గుమ్మంలో నిలబడి నా పేరు పిలిచిందట. నా నెత్తి మీద నిలబడి పిలిస్తే నాకు వినపడలేదు. ముప్పై ఏళ్ళు అదే మగ్గం ముందు కూర్చున్న మనిషికి వరండా చివరి నుంచి వినపడింది.

ఇద్దరి తర్వాత మీరు లోపలికి రండి అని నర్సమ్మ చెప్పి పోయింది. నేను ఫోను తీసి స్వర్ణకు చేశాను.

"స్వర్ణా, నీ చెవి ఎట్లుంది?"



"నీకెట్లా తెలుసత్తా?"

"ఏ చెవి?"

"ఎడమది. నిన్నటి నుంచి గుంయ్‌మంటాంది. ఏమన్నా అడిగితే గుహలో నుంచి వినపడినట్టు ఉండాది. మగ్గం మోత అలవాటు లేక అని చంద్ర అన్నాడు."

స్వర్ణ ఆ పీట మీద కూర్చుని అప్పటికి పదకొండు రోజులు.

నేను ఆ పీట మీద కూర్చున్న మొదట్లో ఏం జరిగిందో అక్కడ, ఆ ఇనుప బెంచీ మీద, టీ చల్లారిపోతుండగా నాకు మొత్తం గుర్తొచ్చింది. మర్చిపోయి గుర్తు తెచ్చుకోవడం కాదు. తెలిసే ఉంది. దాని పేరు అది కాదనుకున్నానంతే. చంద్రకు ఏడో నెల. ఉయ్యాలలో ఏడుస్తున్నాడు. అటు చూశాను, అంచు పోగు తప్పింది. ఆయన గుంతలో నుంచి లేవలేదు, తల తిప్పలేదు, కళ్ళు చీర మీదే ఉన్నాయి. కుడి చెయ్యి మాత్రం పక్కకు వచ్చింది. చెవిలో ఈల మోగింది, ఆ తర్వాత వెచ్చగా ఏదో కారింది. మా అత్త నూనె కాచి పోసింది. మగ్గం అమ్మవారి పీఠమనీ, దాని దగ్గర జరిగింది దాని దగ్గరే వదిలి లేవాలనీ, బయట చెప్పుకుంటే పడుగు దారం తెగుతుందనీ చెప్పింది. ఆ సాయంత్రం ఆయన మూరెడు మల్లెపూలు తెచ్చాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు పోగు తప్పింది, చాలాసార్లు చెయ్యి వచ్చింది. మగ్గం దిగితే మాత్రం ఆయన వేలు కూడా ఎత్తలేదు. వీధిలో అందరి మొగుళ్ళూ అంతే. ఒకసారి పొదుపు సంఘం మీటింగుకు ఒక మేడం వచ్చి, "మీ ఇళ్ళలో ఆడవాళ్ళను కొడతారా?" అని అడిగితే, "అట్లాంటిదేం లేదు మేడం," అని అందరం కలిసికట్టుగా చెప్పాం. మేం అబద్ధం ఆడలేదు. ప్రమాణం చేయమన్నా చేసేవాళ్ళం.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"ఇది ఎలా మొదలైందమ్మా?"

"మగ్గం మోతకు మేడం," అన్నాడు మా ఆయన, ఎప్పటిమాదిరే నా బదులు. "మా వీధిలో అందరికీ ఉండాది."

"కాదు మేడం," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఈయన కొట్టినాడు. నా కొడుకుకు ఏడో నెల అప్పుడు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. ఆయన్ను బయట కూర్చోమంది. తన కుర్చీ లాక్కుని నా కుడి పక్కకు వచ్చి కూర్చుంది. ఆ ఒక్క పనికి నేను ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను.

"ఇప్పుడు కూడా కొడతారా? ఇంటికి వెళ్ళాలంటే భయమేస్తోందా?"

"నాకు భయం లేదు మేడం. నా కోడలు ఆ పీట మీద ఉండాది," అని ఏడ్చేశాను.

ఆమె నన్ను ఏడవనిచ్చింది. కోడలిని రేపే తీసుకురమ్మంది. దెబ్బకు చెవి లోపలి పొరకు చిల్లు పడుతుందట. కొత్త చిల్లు అయితే తనంతట తానే మూసుకుంటుందట, చెవిలో నీళ్ళు గానీ నూనె గానీ పోయకుండా ఉంటే చాలట. మేం తరతరాలుగా పోసిన నూనె తలుచుకుని నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. నాది మాత్రం ఆపరేషన్ చేయాలంది. ఎవరైనా కొట్టిన చెవితో డాక్టరు దగ్గరకు పోతే కొట్టారనే చెప్పండి. మోత అని, జలుబు అని, పడ్డానని చెప్పకండి. సిగ్గుపడాల్సింది చెవి కాదు.

బయట మా ఆయన నిలబడే ఉన్నాడు. ముఖం నల్లబడిపోయింది.

"నేనెప్పుడు కొట్టినా నిన్ను? ఏ పొద్దన్నా చెయ్యి ఎత్తినానా?"

దొంగమాట కాదు అది. నిజంగా అడుగుతున్నాడు.

"చిలకపచ్చ చీర, మెరూన్ అంచు. చంద్ర ఉయ్యాల్లో ఏడుస్తాండె," అన్నాను.

ఆయన టక్కున తలెత్తాడు. "ఆ చీర నాకు గుర్తుండాది. అంచు నాలుగు పోగులు వంకరపోయె." చెప్పి, చెప్పిన మాట తనకే వినిపించి, నోరు మూసుకున్నాడు. చీర గుర్తుంది, నా చెవి గుర్తులేదు. బస్సులో నాకు తల తిరుగుతుందని భుజం అడ్డం పెట్టాడు. నేను దాన్ని పట్టుకున్నాను కూడా. పట్టుకోకపోతే పడిపోతాను మరి.

ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దుంది. మగ్గం మోత లేదు. స్వర్ణ అరుగు మీద చెవిలో దూదితో కూర్చుని ఉంది. చంద్ర గుంతలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు.

"గుంతలో నుంచి బయటికి రా," అన్నాను. "ఆడ ఉండి నాతో మాట్లాడొద్దు."

వాడు వచ్చాడు. నేల చూస్తూ అన్నాడు. "నాయన చేసినట్టే చేసినా గదమ్మా. మగ్గం మీద అది కొట్టినట్టు కాదని నువ్వే గదా చెప్పినావు."

చెప్పాను. వాడికి అయిదేళ్ళప్పుడు, నాయన నిన్ను ఎందుకు కొట్టినాడు అని నా కొంగు పట్టుకుని ఏడిస్తే, అది కొట్టడం కాదు కన్నా, మగ్గం మీద అంతే అని నేనే వాడి కళ్ళు తుడిచాను. ఆ రోజు వాడి కళ్ళు తుడవకపోయినా బాగుండేది.

స్వర్ణ అరుగు మీద నుంచి లేచింది. గొంతు పెంచలేదు.

"అత్తా, ఇంట్లో కొట్టినాడా, మగ్గం మీద కొట్టినాడా అని నా చెవి అడగలే," అంది. "మా అమ్మ దగ్గరికి ధర్మవరం పోతాండా. చెవి మానేదాకా ఆడనే ఉంటా. మానినాక వస్తానో రానో అప్పుడు చెప్తా."

చంద్ర ఏడ్చాడు. కాళ్ళ మీద పడబోతే అది కాళ్ళు వెనక్కు తీసుకుంది. మరుసటి రోజు పొద్దున్నే డాక్టరమ్మకు చూపించి, నేనే దాన్ని ధర్మవరం బస్సు ఎక్కించాను. దాని సంచిలో వేరుశనగ ఉండలు పెట్టాను. వస్తుందో రాదో తెలియదు. రావే అని అడగడానికి నాకు నోరు రాలేదు.

జ్యేష్ఠంలో నాకు ఆపరేషన్. ఎండలు మండిపోతున్నాయి. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు వీధిలో ఆడవాళ్ళు నాకు కుంకుమ పెట్టారు గానీ, కొందరు ముఖం తిప్పుకున్నారు. మగ్గం మాట బయట పెట్టినాను కదా. ఎవరింట్లో పడుగు తెగినా నా పేరే చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. నేను భయపడింది కత్తికి కాదు. మత్తులో నుంచి లేవకపోతే స్వర్ణ మనసులో ఏముందో తెలియకుండానే పోతానే అని భయపడ్డాను.

ఆస్పత్రికి మరియమ్మ బ్రెడ్డు, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వచ్చింది. నా నుదుటి కుంకుమ మీదే చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

"మీ దేవుడు ఏ పక్క వింటాడే?" అన్నాను.

"ఏ పక్కనైనా వింటాడక్కా. ఆయన పేరు చెప్పి ఓర్చుకోమనేవాళ్ళకే వినపడదు," అంది. ఇప్పుడు ఆమె లాడ్జీ వాళ్ళు ఇచ్చిన గదిలో ఉంటోంది, ఒక్కతే. తలుపు లోపల నుంచి గడియ పెట్టుకుని పడుకోవడం ఎంత బాగుంటుందో నాకు రెండుసార్లు చెప్పింది.

మా ఆయన వారం రోజులూ నా మంచం పక్కనే నేల మీద పడుకున్నాడు. తల దువ్వాడు. ఈసారి జడ కుదిరింది. కానీ ఆ మాట మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాకు ఆయన మీద ప్రేమ పోలేదు, పోతే ఇంత బాధ ఉండేది కాదు. గంజి తాగించిన చెయ్యీ, కొట్టిన చెయ్యీ ఒకటే కదా అని చూస్తూ పడుకునేదాన్ని. ఏ చెయ్యిని క్షమించాలో, ఏ చెయ్యిని పట్టుకోవాలో అర్థమయ్యేది కాదు.

ఆషాఢంలో కట్టు విప్పే రోజు వరండాలో కూర్చుని ఉంటే ఎవరో నా భుజం పొడిచారు. స్వర్ణ. ఒక్కతే వచ్చింది.

"నాది మూసుకుపోయిందంట అత్తా. నీది ఎట్లుంది?"

దాన్ని పట్టుకుని ఎంత ఏడ్చానో చెప్పను, నర్సమ్మ తిట్టింది, ఏడిస్తే ముక్కు చీదుతావు, చీదితే చెవి చెడుతుందని. ఇంటికి వస్తానంది. చంద్ర వారానికి రెండుసార్లు ధర్మవరం వచ్చి వాకిట్లోనే నిలబడి పోయేవాడట. "వస్తా. కానీ ఆ పీట మీద జన్మలో కూచోను. చిన్న మగ్గం నాకియ్యండి, నేనే గుంతలో కూచుని నేస్తా. ఇంగోసారి చెయ్యి లేస్తే బస్సు దారి నాకు తెలుసు." అవే మాటలు చంద్రకు ఎదురుగా కూడా చెప్పింది. వాడు తలూపాడు.

శ్రావణం వచ్చింది. పెళ్ళి చీరలు రావాలి. పెద్ద మగ్గం మీద చంద్ర, చిన్న మగ్గం మీద స్వర్ణ. నేను మూడు నెలలు పీట ఎక్కకూడదు, ఎక్కను కూడా. పీట ఖాళీగా ఉంది.

"మామా, నువ్వు కూచో," అన్నాను.

"నేనా? ఆడోళ్ళ పీట మీదనా?"

"పీటకు ఆడా మగా ఏముండాది? చంద్రకు కుడి పక్కన ఎవరో ఒకరు కూచోవాల."

చాలాసేపు తువ్వాలు దులుపుకుంటూ నిలబడి, ఆఖరికి కూర్చున్నాడు. వీధి వీధంతా ఏదో పని పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. "ఏమప్పా ఓబులేసూ, పీట ఎక్కినావే?" అని ఒకరంటే, "ఎక్కినా, మెత్తగా ఉండాది," అన్నాడు. అందరూ నవ్వి పోయారు.

అంచు వేయడం చూసినంత సులువు కాదు. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్నా ఆయనకు దాని వరస తెలియదు. ఒక గంట బాగానే నడిచింది. నేను గుమ్మం దగ్గర దారం కండెలు సర్దుకుంటున్నాను. ఆయన చెయ్యి ఆలస్యమైంది, పోగు తప్పింది. చంద్ర కళ్ళు చీర మీద ఉన్నాయి. పక్కన ఎవరున్నారో చూడలేదు. వాడి కుడి చెయ్యి లేచింది.

సగం దారిలో ఆగిపోయింది. కానీ ఆలోపలే మా ఆయన తల కుడి పక్కకు వంగింది. ఆయనకు ఎవరూ నేర్పలేదు.

రెండు మగ్గాలూ ఆగిపోయాయి. చంద్ర తన చేతిని తొడ కిందికి దాచుకుని కూర్చున్నాడు. మా ఆయన వంచిన తల వెంటనే ఎత్తలేదు. ఎంతసేపటికో లేచి, నా దగ్గరకు వచ్చి, నా ఎడమ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తెలిసి కూర్చున్నాడో, తెలియక కూర్చున్నాడో. మెల్లగా, ఎవరికీ వినిపించనంత మెల్లగా అడిగాడు.

"ఆ పొద్దు నొప్పి శానా పుట్టిందామ్మే?"

"పుట్టింది మామా," అన్నాను. "ఇంగోసారి అడుగు."

"వినపడలేదా?"

"వినపడింది. అయినా అడుగు."

ఆయన మళ్ళీ అడిగాడు, ఈసారి చంద్రకు కూడా వినపడేట్టు.